మందు తిని లేచిన గురుగు కోసం

హోసూరులో దిగేవాళ్ళలో చాలామంది బెంగుళూరు పోతూ దారిలో కాఫీ తాగడానికి దిగుతారు. నేను కలుపు మొక్కల కోసం దిగాను. తిరిగొచ్చాక ఈ మాట చెబితే మా కాలేజీలో అటెండరు మొదలుకొని అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళ కోసమూ, ఆ వైపు ఎన్నడూ వెళ్ళనివాళ్ళ కోసమూ ఆ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డెమాన్‌స్ట్రేటరుగా పనిచేస్తున్నాను. పరిశోధనకు పేరు నమోదు చేసుకుని ఏడాది దాటినా దేనిమీద చెయ్యాలో తేలలేదు. మా ప్రొఫెసరుగారు నీటి నాచు మీద చెయ్యమంటారు. నాకు నాచు మీద మనసు పోలేదు. అలా ఉండగా వానాకాలం చివర మా శాఖకు ఒక ఉత్తరం వచ్చింది. హోసూరు పక్కన కెలవరపల్లి నుంచి నారాయణప్ప అనే రైతు రాశాడు. "ఆరేండ్లుగా రాగి చేలో కలుపు మందు కొడతా ఉండాను. మొదట్లో గురుగు అంతా చచ్చేది. రెండేండ్లుగా కొంత గురుగు మందు తిని, తల వాల్చి, పది దినాలకు మళ్ళీ లేస్తా ఉంది. ఎందుకో తెలిస్తే రాయండి."

గురుగు తెలియని పల్లెవాళ్ళు ఉండరు. లేతగా ఉన్నప్పుడు ఆకు పప్పులో వేసుకుంటాం. ముదిరితే కొనలో తెల్లటి, గులాబీ రంగు కంకి వేస్తుంది. కంకి నిండా ఆవగింజ కంటే చిన్న నల్లటి గింజలు. ఒక్క మొక్క వదిలేస్తే మరుసటి ఏడు చేనంతా అదే. నారాయణప్ప వాడే మందు వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది, గడ్డి జాతికి చెందిన రాగిని ఏమీ చెయ్యదు. చావవలసిన గురుగు బతుకుతున్నదంటే ఏదో జరుగుతున్నది.

"మందు సరిగ్గా తగిలి ఉండదు. నీళ్ళెక్కువ కలిపి ఉంటాడు" అన్నారు ప్రొఫెసరుగారు.

"తగలకపోతే తల వాల్చదు కదండీ. వాలి లేచిందని రాశాడు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "విత్తనాలు తెచ్చి కుండల్లో పెంచి చూపించు. జనవరి లోపల చూపించలేకపోతే నాచు."

మందు తిని బతికిన మొక్కల్ని గింజ ముదిరేదాకా పెరకవద్దని నారాయణప్పకు జాబు రాశాను. సరేనని జవాబు వచ్చింది. నాకు సెలవు దొరికేసరికి దీపావళి కూడా దాటిపోయింది.

కుప్పం దాటాక

చిత్తూరు, పలమనేరు దాటి కుప్పం వచ్చేసరికి బస్సులో మన తెలుగు సాగదీసినట్టు వినబడింది. కుప్పం దాటాక భాషలే కలగాపులగమయ్యాయి. నా పక్కన ఒక గాజులమ్మే ఆమె కూర్చుంది. కండక్టరుతో తమిళం, ముందు సీటు ఆమెతో కన్నడం, నాతో తెలుగు. ఒక్కచోటా తడుముకోలేదు.

"మీ ఇంట్లో ఏ భాషమ్మా?" అని అడిగాను.

"ఎవురి చేతికి గాజు తొడిగితే వాళ్ళ భాషేనమ్మా" అని నవ్వింది. నా ఒడిలో రేకు పెట్టె చూసి, "నీది ఏం యాపారం?" అంది. పెట్టెలో పాత పేపర్లు, గుడ్డ సంచులు, చీటీలు ఉన్నాయి. గురుగు గింజల కోసం పోతున్నానన్నాను.

"కొనేదానికా, అమ్మేదానికా?"

"చూసేదానికి."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, దిగేటప్పుడు నా చేతిలో రెండు మట్టిగాజులు పెట్టింది. డబ్బు తీసుకోలేదు. ఒంటిగా తిరిగే పిల్ల చేతులు బోసిగా ఉండకూడదంది.

కృష్ణగిరిలో మా అమ్మకు దూరపు చుట్టాల ఇల్లు ఉంది. ఆ పూట అక్కడ ఆగాను. ఆ ఇంటి పెద్దమ్మ నాకు ఇడ్లీ పెడుతూ, "కలుపు మొక్క కోసరం ఆడబిడ్డను ఇంత దూరం పంపినారా మీ వాళ్ళు?" అని మూడుసార్లు అడిగింది. మూడోసారికి, "వాళ్ళు పంపలేదు పెద్దమ్మా, నేనే వచ్చాను" అన్నాను. ఆమె ఇంకో ఇడ్లీ వేసింది.

రాయకోట, తప్పు బస్సు

మర్నాడు పొద్దున్నే తప్పు బస్సెక్కాను. బోర్డు తమిళంలో ఉంది. నాకు చదవడం రాదు. "హోసూరు?" అంటే కండక్టరు తల ఊపాడు. ఆ తల ఊపడానికి అర్థం అవుననో కాదనో తెలుసుకునేసరికి బస్సు రాయకోట కొండ కింద ఆగిపోయింది. ఇంక ముందుకు పోదన్నారు. హోసూరు బస్సుకు మూడు గంటలు పడుతుందట.

పైన పాత కోట, కింద చిన్న బజారు. దారి పక్కన ఒక ముసలామె గోనె పరిచి ఆకుకూర అమ్ముతోంది. దగ్గరికి పోయి చూస్తే గురుగాకు! ఈ మధ్య పడిన వానకు మళ్ళీ మొలిచిన లేత కొనలు, కట్ట మూడు పైసలు.

"దీన్ని ఏమంటారు ఈడ?" అని వాళ్ళ మాటలోనే అడిగాను.

"తమిళమోళ్ళు పన్నకీర అంటారు. కన్నడమోళ్ళు అణ్ణెసొప్పు అంటారు. మనం గురుగాకు అంటాము. ఏమన్నా తినేది ఒగటే కదమ్మా."

"యాడ కోసుకొస్తావు?"

"గట్లమీద, చేలల్లో. మందు కొట్టే చేలల్లో మాత్రం కోసేది లేదు." చెయ్యి హోసూరు వైపు చూపింది. "ఆ పక్క నుంచి ఆడోళ్ళు కూడా వస్తారు, నా దగ్గర కొనుక్కపోతారు. ఆడ కోసుకునేదానికి లేదంట."

మా ప్రాంతంలో గురుగాకు ఎవరూ కొనరు. చేలో వంగి కోసుకుంటారు. కలుపుగా పెరికి పారేసేదాన్ని కొనుక్కోవలసి రావడం నేను అంతవరకు వినలేదు. పక్కనే ఒక పాకలో రాగిముద్ద, గురుగాకు పప్పు దొరికితే తిన్నాను. మేము పప్పులో చింతపండు ఎక్కువ వేస్తాం. వాళ్ళు వెల్లుల్లి ఎక్కువ వేశారు. ముద్దను నమలకుండా మింగాలని ఆ పాకామె నేర్పింది. నేను నమిలి పళ్ళకు అంటించుకుంటే నీళ్ళిచ్చి నవ్వింది.

హోసూరు గాలి

హోసూరులో బస్సు దిగేసరికి నాలుగు దాటింది. ఎండ ఉంది, అయినా చలి. తిరుపతిలో దుప్పటి అటకెక్కించి వచ్చిన నేను పైట భుజాల చుట్టూ చుట్టుకున్నాను.

తలకు తువ్వాలు చుట్టుకున్న నలభై ఏళ్ళ మనిషి బస్సు దిగే ప్రతి మగవాడి ముఖమూ చూస్తున్నాడు. అందరూ పోయాక నేనే దగ్గరికి వెళ్ళాను. "నారాయణప్ప గారా?"

"అవును. సారు రాలేదా?"

"ఏ సారు?"

"జాబు రాసిన సారు."

నా సంతకం ఎవరికీ అర్థం కాదని మా అమ్మ ఎప్పుడూ అనేది. "జాబు రాసింది నేనే" అన్నాను. ఆయన నా పెట్టె తీసుకొని ఎడ్లబండిలో పెట్టాడు. బండిలో అప్పటికే ఒక పెద్ద మందు డబ్బా ఉంది. సీలు తీయలేదు. రెండు రోజులు బెంగుళూరులో ఉండి అది కొనుక్కుని, హోసూరులో వదిలివెళ్ళిన బండి కట్టుకుని నేరుగా బస్టాండుకు వచ్చాడట.

దారిపొడవునా ఆయనే మాట్లాడాడు. వయసులో ఉన్నప్పుడు నీలగిరిలో టీ తోటలో మేస్త్రీగా చేశాడు. అక్కడ ఈ మందు చూశాడు. తండ్రి పోయాక వచ్చి సొంత చేలో మొదలుపెట్టాడు. ఈ చుట్టుపక్కల మందు కొట్టిన మొదటి రైతు తనే. "నాకు మందు కొట్టేది రాదని ఊర్లో అంటా ఉండారమ్మా. మా అమ్మ కూడా అదే మాట. వచ్చే యేడు మూడింతలు కొడతాను. దానికే ఈ డబ్బా."

"బతికిన గురుగు చేలో ఉంది కదా?"

"ఉండాది. మీరు చెప్పినట్టే ముట్టుకోలేదు."

చీకటి పడకముందే ఇల్లు చేరాం. ఆయన తల్లి, అందరూ అవ్వ అని పిలుస్తారు, ముద్ద, అనపకాయల పులుసు వడ్డించింది. చిక్కుడు జాతి కాయలవి, సంతలో కొన్నవట. "మా తాత కాలం నుంచి రాగి సాళ్ళ నడుమ అనప సాలు ఉండేది. ఈ మందు వచ్చినంక అనప బతకదు" అంది, కొడుకు వైపు చూడకుండా.

"అమ్మా, ఈయమ్మ మన గురుగు చూసేదానికి వచ్చినారు" అన్నాడు నారాయణప్ప.

అవ్వ గరిటె ఒక్క క్షణం ఆగింది. "తినమ్మా, చల్లారిపోతాది" అంది.

కెలవరపల్లి

పొద్దున మంచు విడవకముందే చేనికి వెళ్ళాం. రాగి వెన్నులు ముదిరి గోధుమ రంగుకు తిరిగాయి. రెండు మూడు రోజుల్లో కోత. నారాయణప్ప ముందు నడిచాడు. సాళ్ళలోకి దిగి ఆగిపోయాడు. నేనూ దిగాను. రాగి తప్ప ఏమీ లేదు. ఒక్క గురుగు మొక్క లేదు. పెరికిన గుంటలు ఇంకా తడిగా కనబడుతున్నాయి.

గట్టు మీద ఒకామె కొడవలి నూరుకుంటూ కూర్చుంది. మునెమ్మ. ఆ చేలో కలుపుకూ కోతకూ ఆడవాళ్ళను కూర్చి తెచ్చేది ఆమేనని తర్వాత తెలిసింది. నారాయణప్ప కేక వేశాడు. "మునెమ్మా! గురుగు ఎవురు పెరకమనిరి?"

"అవ్వ చెప్పె. కోతకు ముందర తీయకుంటే గింజ రాగిలో పడతాది, పిండి నల్లగా అవుతాది అనె. మొన్న తీసినాము."

ప్రతి ఏడూ జరిగేదే. ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"యాడ పారేసినారు?" అని అడిగాను.

"లేతవి ఆవులకు ఏసినాము. ముదిరినవి బండమీద ఎండేసినాము. ఈ పొద్దు కాలుస్తానని అవ్వ..." అంటూ మునెమ్మ తలెత్తి చూసింది. చేనికి అవతల బండమీద సన్నగా పొగ లేస్తోంది.

బండమీద

చెప్పులు బురదలో ఇరుక్కుంటే వదిలేసి పరిగెత్తాను. అవ్వ కుప్ప పక్కన కర్రతో నిలబడి ఉంది. మంచుకు తడిసి ఉండబట్టి మంట పైకి రాలేదు, ఒక పక్క నుంచి లోపలికి పాకుతోంది. నేను రెండు చేతులతో మొక్కల్ని ఇవతలికి లాగాను. మునెమ్మ కొడవలితో లాగింది. నారాయణప్ప తల తువ్వాలు విప్పి మంటను బాదాడు. కుప్పలో సగానికి పైగా దక్కింది. నా కుడి అరచెయ్యి బొబ్బ తేలింది. చీర అంచు కమిలింది.

"కలుపు కోసరం చేతులు కాల్చుకుంటారా ఎవురైనా!" అని అవ్వ నన్ను కూర్చోబెట్టి ఇంటి నుంచి వెన్న తెప్పించి రాసింది. రాస్తూనే చెప్పింది. "మొన్న తీసేటప్పుడు నువ్వు వస్తావని నాకు తెలీదు తల్లీ. నిన్న తెలిసినంక చెప్పేదానికి నోరు రాలేదు. తెల్లారి కాల్చేస్తే నువ్వు తిరిగిపోతావు, మందు సంగతి చెప్పేవాళ్ళు లేక వీడు ఈ పిచ్చి మానుకుంటాడు అనుకుంటి."

నారాయణప్ప తువ్వాలు నల్లగా కాలిపోయింది. దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

అసలు చిక్కు అప్పుడు తెలిసింది. కుప్పలో అన్నీ కలిసిపోయాయి. మందు తగిలి బతికిన మొక్కలు, గట్ల వెంబడి మందు తగలని మొక్కలు, తర్వాత వానకు మొలిచినవి. ఈ గింజలు తీసుకుపోతే ప్రొఫెసరుగారు మొదటి మాటే అంటారు: మందు తగలని మొక్క బతికితే వింతేముంది? అంత దూరం వచ్చి, చెయ్యి కాల్చుకొని, దక్కించుకున్నది ఎందుకూ పనికిరాని కుప్ప. బండమీద కూర్చుని ఏం చెయ్యాలో తోచక ఒక మొక్కను తిప్పి తిప్పి చూస్తున్నాను.

మునెమ్మ నా చేతిలోంచి అది తీసుకుంది. "ఇది మందు తినలేదు" అని పక్కన పడేసింది. ఇంకోటి తీసింది. "ఇది తినింది."

"నీకెట్లా తెలుసు మునెమ్మక్కా?"

"కాడ చూడు. మందు తిన్నది మెడ వంచుతాది. మెలి తిరుగుతాది. చచ్చేది అట్లే చస్తాది. బతికేది ఆ వంకర నుంచే మళ్ళీ పైకి పోతాది. ఆ వంకర ఇంగ పోదు. పెరికేటప్పుడు చేతికే తెలుస్తాది, ఆడ ముడి ఉంటాది." నా వేలు పట్టుకుని కాడ మీద పెట్టింది. నేలకు జానెడు ఎత్తున కాడ మోచెయ్యిలా మడతపడి ఉంది. ఆ మడతలో ఉబ్బు, ఎండిన పగులు. అక్కడ నుంచి పైన మొక్క నిటారుగా పోయి కంకి వేసింది.

ఆ మందు తగిలితే కాడ మెలి తిరుగుతుందని నేను పుస్తకంలో చదివాను, చిత్రం కూడా చూశాను. అయినా ఆ గుర్తు ముదిరిన మొక్కలో మిగిలి ఉంటుందని నాకు తట్టలేదు. ఈమె రెండేళ్ళుగా చేతులతో చదువుతోంది. వంకర కాడ ఉంటే మందు తగిలినట్టే. అది తగిలిందనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

వంకరవి, సూటివి

కుప్పంతా విడదీయాలంటే ఒక్క రోజు పని, పది మంది కావాలి. మునెమ్మ వాళ్ళకు ఆ రోజు పక్క చేలో కోత ఉంది. మునెమ్మ నారాయణప్ప ముందు నిలబడి, "కోత కూలే ఇయ్యల్ల అప్పా. కూర్చొని చేసేది కదా అని తగ్గిస్తే కుదరదు" అంది. ఆయన ఒప్పుకున్నాడు.

తొమ్మిది మంది ఆడవాళ్ళు వచ్చి కుప్ప చుట్టూ కూర్చున్నారు. వంకరవి ఎడమ పక్క, సూటివి కుడి పక్క. నేను కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో ఒక్కొక్కటీ మళ్ళీ చూసి, అనుమానం ఉన్నది తీసేశాను. మొదట్లో పదింటిలో రెండు మూడు తీసేసేదాన్ని. మధ్యాహ్నానికి తీసేయవలసినవి కనబడలేదు. వాళ్ళ వేళ్ళు నా కళ్ళ కంటే ముందు తేల్చేస్తున్నాయి.

వాళ్ళ మాటల్లో నాకు చాలా తెలిసింది. మందు రాకముందు ఈ చేలో నెల్లాళ్ళు కలుపు పని ఉండేదట. ఇప్పుడు వారం. సాయంత్రం ఇంటికి పోతూ ఒడినిండా గురుగాకు, రెండు గుప్పిళ్ళ అనపకాయలు తీసుకుపోయేవాళ్ళట. ఇప్పుడు రెండూ లేవు. గురుగు తగ్గినచోట రాగిలా కనబడే తిప్పరాగి గడ్డి ఎక్కువైంది. మందు దాన్ని ముట్టుకోదు. కంకి వేసేదాకా రాగికీ దానికీ తేడా కనిపెట్టడం కష్టం.

ఉన్నట్టుండి మునెమ్మ అడిగింది. "ఈ గింజ మీ ఊర్లో కుండలో బతికితే మాకేమమ్మా?"

ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు, ప్రొఫెసరుగారు కూడా. కాస్త ఆలోచించి చెప్పాను. "బతికితే, ఈ చేలో గురుగు మందుకు లొంగకుండా పోయిందని తేలుతుంది. ఎంత కొట్టినా లాభం లేదని తేలుతుంది. అప్పుడు మళ్ళీ మనుషులు కావాలి."

"చస్తే?"

"చస్తే మా సారు మాటే నిజం. మందు ఇంకా బాగా కొట్టాలి."

"అయితే బతకనీ" అని ఆమె ఇంకో వంకర మొక్క ఎడమ పక్కకు వేసింది. పరీక్ష చేసేవాళ్ళు ఇలాగే తేలాలని ముందే కోరుకోకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. కాని ఆ బండమీద నేను కూడా అదే కోరుకున్నాను.

పొద్దు వాలేసరికి నారాయణప్ప ఉతికిన పంచె పరిచి కంకులు దులిపాం. వంకరవాటి గింజలు ఒక సంచిలో, సూటివాటివి ఇంకో సంచిలో. నల్లగా, నూనె రాసినట్టు మెరిసే గింజలు. ఆయన వంకర కాడలు ఒక్కొక్కటీ తీసి చూశాడు. ముఖం వెలిగిపోయింది. "చూసినావా అమ్మా! నేను మందు సరిగ్గానే కొట్టినాను!" అని తల్లికి కేక వేసి చెప్పాడు.

"సరిగ్గానే కొట్టారు" అన్నాను. "అందుకే చెబుతున్నాను, మూడింతలు కొట్టకండి. ఏటేటా చచ్చేవి చచ్చిపోయి, తట్టుకునేవే గింజ వేసినట్టుంది. ఎక్కువ కొట్టేకొద్దీ ఇంకా గట్టివే మిగులుతాయి. రాగి కూడా దెబ్బతింటుంది."

ఆయన ముఖం మారింది. "మీరు చదువుకున్నోళ్ళు, చెప్పి పోతారు. డబ్బా ఇంట్లో ఉండాది. నేనేం చేసేది?"

నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. కుండల్లో చూసి రాస్తాను, అంతవరకు సీలు తీయొద్దన్నాను. మర్నాడు ఆయన బండి కట్టి బస్టాండులో దింపాడు.

కృష్ణగిరిలో మేక

కృష్ణగిరి బస్టాండులో టీ తాగుతూ సంచులు బల్ల మీద పెట్టాను. తిరిగి చూస్తే ఒక మేక సూటి కాడల సంచి మూల కొరికి నములుతోంది. గింజలు నేల మీద కారిపోయాయి. దాన్ని తోలి, ఎడమ చేత్తో ఎత్తగలిగినన్ని ఎత్తాను. సగం పోయాయి. వంకర కాడల సంచి ముట్టుకోలేదు. టీ కొట్టాయన ఇంకో గ్లాసు టీ ఊరకే ఇచ్చాడు. ఆ మేక ఆయనదేనట.

కల్లావి

పరీక్షకు ఇంకో రకం గింజలు కూడా కావాలి. ఎన్నడూ మందు ఎరగని చేలోవి. అవి లేకపోతే దేనితో పోల్చను? కల్లావి వైపు మందు కొట్టేవాళ్ళు ఎవరూ లేరని చుట్టాలింటి పెద్దమ్మ చెప్పింది. అక్కడికి పోతే సంత రోజు. జొన్న, వేరుశనగ, కోళ్ళు, కుండలు. గురుగు ఎక్కడ దొరుకుతుందని అడిగితే అందరూ నన్ను ఆకుకూర అమ్మేవాళ్ళ దగ్గరికే పంపారు. చివరికి వేరుశనగ అమ్ముకుంటున్న గోవిందప్ప అనే పెద్దాయన తన చేను చూపిస్తానన్నాడు.

"మందా?" అన్నాడు నడుస్తూ. "మనిషి జబ్బుకే మందు దొరకదు ఈడ."

గట్టు మీద గురుగు బాగానే ఉంది. కంకులు దులుపుతుంటే ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "ఈ గింజ కొంటబొయ్యి మీ ఊర్లో చల్లుతావా? మీకు గురుగు కరువొచ్చిందా?" సంగతంతా చెప్పాను. కెలవరపల్లి రైతు గోడు కూడా చెప్పాను. ఆయన నవ్వు మాని విన్నాడు.

"మొదటి వానకే విత్తుతాడా ఆయప్ప?"

"అంతే అనుకుంటాను."

"అదే తప్పు. మొదటి వానకు గురుగును మొలవనియ్యల్ల. రెండాకులు ఏసినంక గుంటక తోలి గీకెయ్యల్ల. రెండో వానకు విత్తల్ల. సగం గురుగు అప్పుడే పోతాది. మిగిలింది చేత్తో తీసుకునేదే. అది కంకి ఏసేదానికి ముందర తీయల్ల, కంకి ఏసినంక తీసి ఏం లాభం? గింజ నేలలో పడిపాయె కదా."

మా పల్లెల్లో కూడా కొందరు ఇలా చేస్తారు. నేను రోజూ చూస్తూ పెరిగినదే. కాని పుస్తకాల్లో వెతికేటప్పుడు అది నాకు గుర్తు రాలేదు. గోవిందప్ప చెప్పింది చీటీ వెనక రాసుకున్నాను. ఆయన భార్య నా కొంగులో పచ్చి వేరుశనగకాయలు పోసింది. తిరుపతి చేరేదాకా అవే తిన్నాను.

కుండల వరసలు

మా వృక్షశాస్త్రం హాలు వెనక మూడు వరసల కుండలు పెట్టాను. వంకరవాటి గింజ ఒక వరస, సూటివాటివి ఒక వరస, కల్లావివి ఒక వరస. తర్వాత ప్రొఫెసరుగారి దగ్గరికి పోయి, కుండలన్నీ కలిపేసి, మీకు మాత్రమే తెలిసేలా నంబర్లు వెయ్యమన్నాను. నాకు కావలసినట్టు నేను చూడకూడదని. ఆయన ఆశ్చర్యంగా చూశారు. మర్నాడు ఆయనే నంబర్లు వేశారు. మొక్కలు జానెడు పెరిగాక మందు కూడా ఆయన చేత్తోనే కొలిచి, అన్నిటికీ ఒకేలా కొట్టారు.

మూడో రోజుకు అన్ని మొక్కలూ మెడలు వంచేశాయి. ఒక్క కుండ మినహాయింపు లేదు. "చూశావా" అన్నారాయన. మెత్తగానే అన్నారు. కెలవరపల్లి ఆడవాళ్ళకు ఏమని రాయాలా అని ఆ వారమంతా కుండల మధ్య తిరిగాను. అయినా రోజూ పొద్దున, సాయంత్రం ప్రతి కుండా చూసి రాసుకోవడం మానలేదు.

తొమ్మిదో రోజు పొద్దున కొన్ని కుండల్లో వంగిన మెడ కొనలు పైకి తిరిగాయి. పన్నెండో రోజుకు అవి నిటారుగా లేచాయి. మిగతావి ఎండి పడిపోయాయి. ప్రొఫెసరుగారు నంబర్ల కాగితం తెచ్చి కుండలన్నీ రెండుసార్లు చూశారు. కల్లావి మొక్క ఒక్కటీ మిగల్లేదు. సూటివాటిలో కొన్ని లేచాయి. వంకరవాటిలో చాలా భాగం లేచి నిలబడ్డాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక కాడను వేలితో తడిమారు, మునెమ్మ నాకు చూపించినట్టే.

"మళ్ళీ చెయ్యి" అన్నారు.

మళ్ళీ చేశాను. అలాగే వచ్చింది. మూడోసారీ చేశాను. నాచు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

నారాయణప్పకు నాలుగు పేజీల జాబు రాశాను. కుండల సంగతి, గోవిందప్ప చెప్పిన గుంటక సంగతి, ఏటేటా ఒకే మందు మీద ఆధారపడవద్దన్న సంగతి. మునెమ్మ వాళ్ళకు కూడా చదివి వినిపించమన్నాను. జవాబు రాలేదు. ఎండాకాలం పోయింది. డబ్బా సీలు తీసేసి ఉంటాడనుకున్నాను. వానలు పడి, రాగి మొలిచి, కలుపు తీసే రోజులు దాటాక ఒక కవరు వచ్చింది. అందులో ఇలా ఉంది:

"డబ్బా అంగడికి తిరిగి ఇచ్చేసినాను, సగం ధరే ఇచ్చినాడు. మొదటి వానకు విత్తకుండా ఊరకే ఉంటే నాకు మతి పోయిందని ఊర్లో అన్నారు. గురుగు మొలిచినంక గుంటక తోలినాను. రెండో వానకు విత్తినాము. అమ్మ నడుమ అనప సాళ్ళు పెట్టించింది. అయినా గురుగు వచ్చినాది, ముందర అంత లేదు. మునెమ్మను పిలిస్తే కూలి పెంచితేనే వస్తామనె. పెంచినాను. అప్పటికీ మనుషులు చాలక నేనూ దిగినాను. మూడు సాళ్ళు తీసేసరికి నడుము పట్టుకునె. మునెమ్మ నా వెనకాలే వచ్చి, నేను చూడకుండా వదిలేసిన గురుగంతా పెరికి నా చేతిలో పెట్టింది. రెండు చేతులూ నిండినాయి."